డేగ గుడ్డు పెంకు, మా నాన్న పద్దు పుస్తకం

ఈసారి పోస్టు బాగా పెద్దది. మిరప కోతలు మొదలయ్యే లోపు రెండు రోజులు తీరిక దొరికింది, కూర్చుని రాశా. మీరూ తీరిక చూసుకునే చదవండి. మొదట్లో అమెరికా, ఇంగ్లండు కబుర్లు వస్తాయి. వీడికి చేలో పని లేదా అనుకోవద్దు. తిరిగి తిరిగి మన పత్తిచేలోకే వస్తా.

మా అక్క కొడుకు అమెరికాలో జెర్సీ సిటీలో ఉంటాడు. మొన్న ఒక వీడియో పంపాడు. 101 హడ్సన్ అని 42 అంతస్తుల మేడ. పైన గోడ అంచున ఒక చెక్కపెట్టె, దాంట్లో గులకరాళ్లు, ఆ రాళ్ల మీద ఒక డేగ. 2000 సంవత్సరంలో మొదటిసారి ఆ మేడ మీద ఈ జాతి డేగలు గుడ్లు పెట్టాయట. పెట్టెకు కెమెరా బిగించి ఊరందరికీ చూపించారట. "మావయ్యా, మన ఊళ్లో కోడిపిల్లల్ని ఎత్తుకుపోయేది ఇదేనా? ఇక్కడ దీన్ని చుట్టాన్ని చూసినట్టు చూస్తన్నారు" అన్నాడు.

వాడికి సరదాగా ఏదో జవాబు చెప్పి ఊరుకున్నా గానీ, పక్షి కోసం అంత పెద్ద మేడ మీద పెట్టె ఎందుకు కట్టారన్న సంగతి నన్ను వదల్లేదు. వెతుక్కుంటూ పోతే ఆ కథలో ఒక పేరు తగిలింది. డిడిటి. ఆ పేరు చూశాక అది మనకు సంబంధం లేని కథ కాదని అర్థమైంది.

ముందు పక్షి సంగతి చెప్తా.

కోడిపిల్లల్ని ఎత్తుకుపోయేది ఎక్కువగా గద్ద, లేకపోతే జాలెడేగ. వీడియోలో ఉన్నది వేరే. ఇంగ్లీషులో పెరెగ్రిన్ ఫాల్కన్ అంటారు. మన వైపు పాత పేరు బైరి డేగ. సైజు కాకి అంత ఉంటుంది, మగదానికంటే ఆడది పెద్దది. వీపు పలక రంగు, కంటి కింద మీసం గీసినట్టు నల్లచార. ఎగిరే పక్షిని గాల్లోనే కొట్టటం దీని పని. పైనుంచి రెక్కలు ముడుచుకుని దూకిందంటే గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. భూమ్మీద ఇంతకంటే వేగంగా పోయే ప్రాణి లేదు.

మన దేశంలో ఇది రెండు రకాలుగా కనపడుతుంది. ఒకటి చలికాలంలో సైబీరియా నుంచి వచ్చి, ఎండలు ముదిరే లోపు వెళ్లిపోయేది. బాతులు, నీటిపిట్టలు ఎక్కడుంటే అక్కడ తిరుగుతుంది. రెండోది ఇక్కడే ఉండిపోయి కొండచరియల్లో పిల్లల్ని చేసేది. దాన్ని షాహీన్ అంటారు. ఏ రకమైనా పుల్లలు ఏరి గూడు కట్టదు. నిట్రంగా ఉన్న రాతిగోడ మీద చిన్న అరుగు లాంటి చోటు చూసుకుని, మట్టిని కాస్త గీరి, మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. ఇంకొకళ్లు ఎక్కిరాలేని ఎత్తు, చుట్టూ ఎగిరే పిట్టలు ఉంటే చాలు దానికి.

వేటడేగలంటే మనకు కొత్త కాదు. సాళువం అంటే వేటకు వాడే పెద్ద డేగ. ఆ మాట బిరుదై, తర్వాత ఒక వంశానికి పేరైంది. సాళువ నరసింహరాయలు 1485లో విజయనగర సింహాసనం ఎక్కింది ఆ వంశం పేరుతోనే. మన నల్లపాడు నుంచి ఫిరంగిపురం వైపు పోతే కొండవీడు కొండలు కనపడతాయి కదా, ఆ కోటను 1515లో శ్రీకృష్ణదేవరాయలు గెలిచినప్పుడు ఆయన మంత్రి తిమ్మరుసు. ఆయన పేరు ముందు కూడా సాళువ అనే ఉంది. ఒకప్పుడు రాజులు బిరుదుగా పెట్టుకున్న పక్షి ఇది.

మరి కొండల్లో ఉండే పక్షి పట్నంలో మేడ ఎక్కటమేంది? దాని కంటికి 40 అంతస్తుల మేడ కూడా నిట్ర కొండే. కిందంతా పావురాలు. తిండికి లోటు లేదు. కెనడాలో మాంట్రియల్ నగరంలో సన్ లైఫ్ అనే బీమా కంపెనీ మేడ మీద 1936లోనే ఒక జంట చేరింది. గుడ్లు దొర్లి పడిపోతుంటే అక్కడివాళ్లు రాళ్లు పోసిన పెట్టె పెట్టారు. 1952 దాకా అక్కడే ఉండి, 20కి పైగా పిల్లల్ని పెంచాయి. అప్పటికి ఇది ఒక వింత. ఆ తర్వాత కొన్నేళ్లకే కొండల మీద కూడా ఈ పక్షి కనపడని రోజులు వచ్చాయి.

ఇక డిడిటి సంగతి. ఈ రసాయనం పురుగుల్ని చంపుతుందని 1939లో స్విట్జర్లాండులో పాల్ ముల్లర్ అనే ఆయన కనిపెట్టాడు. 1948లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఊరికే ఇవ్వలేదు. యుద్ధంలో పేల వల్ల వచ్చే టైఫస్ జ్వరాన్ని ఇదే ఆపింది. మన దేశానికి స్వతంత్రం వచ్చేనాటికి మలేరియా ఏడాదికి ఏడున్నర కోట్ల మందికి వచ్చేది, 8 లక్షల మంది చనిపోయేవాళ్లు. 1953లో మలేరియా కార్యక్రమం మొదలుపెట్టి ఇళ్ల గోడలకు డిడిటి కొట్టారు. పదేళ్లు తిరిగేసరికి కేసులు లక్షకు దిగాయి. దాన్ని ఇక్కడే తయారుచేయటానికి 1954లో ప్రభుత్వం హిందుస్తాన్ ఇన్‌సెక్టిసైడ్స్ అనే సంస్థను పెట్టింది. మా చిన్నప్పుడు మలేరియా వాళ్లు గోడలకు ఆ తెల్లనీళ్లు కొట్టి, తలుపు మీద తేదీ రాసి పోవటం నాకు గుర్తుంది. మా నాయనమ్మ వాళ్లకు మజ్జిగ ఇచ్చేది. ఈ మందు పాపిష్టిదని నేను రాస్తే మా నాయనమ్మ ఒప్పుకోదు. గోడకు కొట్టిన చోట ప్రాణాలు నిలబెట్టింది. చేలల్లో, తోటల్లో, అడవుల్లో విమానాలతో కుమ్మరించిన చోట జరిగింది వేరే.

ఇప్పుడు ఇంగ్లండు పోదాం. అక్కడ యుద్ధకాలంలో సైన్యం పావురాలతో కబుర్లు పంపేది. డేగలు వాటిని తింటున్నాయని 1940లో ప్రభుత్వమే ఉత్తర్వు ఇచ్చి దాదాపు 600 డేగల్ని చంపించింది. యుద్ధం అయిపోయాక మళ్లీ కాపాడమని చట్టం చేసింది. సంఖ్య పెరగటం మొదలైంది. 1960 ప్రాంతంలో పందెం పావురాలు పెంచేవాళ్లు గోల మొదలుపెట్టారు. డేగలు విపరీతంగా పెరిగిపోయి మా పావురాల్ని బతకనివ్వటం లేదు, చంపటానికి అనుమతి ఇవ్వండి అని. అర్జీ వచ్చింది కాబట్టి అసలు ఎన్ని ఉన్నాయో లెక్క తీయమన్నారు. ఆ పని డెరెక్ రాట్‌క్లిఫ్ అనే ఆయన చేతికి వచ్చింది.

1961లో, 1962లో కొండ కొండా తిరిగి లెక్కపెట్టారు. పెరగటం మాట దేవుడెరుగు, యుద్ధానికి ముందు డేగలున్న చోట్లలో సగం ఖాళీ. ఉన్న జంటల్లో కూడా చాలావాటికి పిల్లల్లేవు. గూట్లో పగిలిన గుడ్లు. కొన్నిచోట్ల తల్లే పగిలిన గుడ్డును తింటున్నది. అర్జీ పెట్టినవాళ్లు ఒకటి అనుకుంటే తేలింది ఇంకొకటి. వాళ్లు ఆ అర్జీ పెట్టకపోతే ఇంకెన్నాళ్లకు తెలిసేదో.

డేగలు తగ్గటానికి ఒక కారణం తొందరగానే పట్టుకున్నారు. అక్కడి రైతులు విత్తే గింజలకు డీల్డ్రిన్, ఆల్డ్రిన్ లాంటి మందులు పట్టించేవాళ్లు, మనం విత్తనశుద్ధి చేసినట్టే. ఆ గింజలు తిన్న పావురాలు చచ్చేవి, ఆ పావురాల్ని తిన్న డేగలూ చచ్చేవి. కానీ గుడ్లు ఎందుకు పగులుతున్నాయి?

ఇక్కడ నాకు బాగా నచ్చిన ముక్క వస్తుంది. ఆ దేశంలో వెనకటి నుంచి కొంతమందికి పక్షి గుడ్లు దొంగిలించి పోగేసే పిచ్చి ఉండేది. గుడ్డుకు చిల్లి పెట్టి సొన తీసేసి, పెంకు దాచి, దాని పక్కన ఏ ఊళ్లో, ఏ తేదీన తీశారో చీటీ రాసేవాళ్లు. చెడ్డ పనే, తర్వాత చట్టం చేసి ఆపారు కూడా. కానీ ఆ చీటీలు అక్కరకొచ్చాయి. రాట్‌క్లిఫ్ ఆ పెట్టెలన్నీ తిరిగి పాత పెంకుల్ని, కొత్త పెంకుల్ని కొలిచి తూకం వేశాడు. ఎన్నో ఏళ్లుగా ఒకే తీరుగా ఉన్న పెంకు బరువు 1947 నుంచి ఉన్నట్టుండి పడిపోయింది. దాదాపు ఐదో వంతు తగ్గిపోయింది. డిడిటి ఆ దేశంలో చేలల్లోకి దిగింది సరిగ్గా ఆ రోజుల్లోనే. 1967లో నేచర్ పత్రికలో ఇదంతా అచ్చువేశాడు.

చూడండి, ఇరవై ఏళ్లు ఎవరికీ తెలియలేదు. పెద్ద డేగలు ఎగురుతూనే ఉన్నాయి. గుడ్లు పెడుతూనే ఉన్నాయి. తల్లి పొదగటానికి కూర్చుంటే దాని బరువుకే గుడ్డు చితికిపోతున్నది. చచ్చిపడిన పక్షి కనపడితే ఎవరైనా అడిగేవాళ్లు. పుట్టని పిల్లను ఎవరు అడుగుతారు?

ఇదెట్టా జరుగుతుందో మన లెక్కలోనే చెప్తా. చక్రవడ్డీ తెలుసు కదా. ఒక పురుగు ఒంట్లో మందు చిటికెడు కంటే తక్కువ ఉందనుకోండి. అది నీళ్లలో కరిగి బయటికి పోయే రకం కాదు, కొవ్వులో దాక్కుంటుంది. ఒక పిట్ట అలాంటి పురుగుల్ని వేలల్లో తింటుంది, అదంతా దాని ఒంట్లో జమ. డేగ అలాంటి పిట్టల్ని ఏడాదికి వందల్లో తింటుంది, అదంతా దీని ఖాతాలో జమ. అసలు చిన్నదే, చివర కూర్చున్నవాడి నెత్తిన పడేది మాత్రం పెద్ద మొత్తం. డిడిటి ఒంట్లోకి పోయాక మారి డిడిఇ అనే రూపం అవుతుంది. అది గుడ్డు పెంకు తయారయ్యే చోట కాల్షియం చేరకుండా అడ్డుపడుతుంది. ఇంకో మాట కూడా. కోళ్ల మీద ఇది అంతగా పనిచేయదు. పెరట్లో కోడి గుడ్డు గట్టిగానే ఉంది కదా అని చూసి ధైర్యం తెచ్చుకుంటే లాభం లేదన్నమాట.

అమెరికాలో ఇంకా ఘోరం. 1960ల మధ్యకు వచ్చేసరికి ఆ దేశం తూర్పు సగంలో పిల్లల్ని చేసే ఒక్క జంట కూడా మిగల్లేదు. 1962లో రేచెల్ కార్సన్ అనే ఆవిడ ఈ మందుల మీద పుస్తకం రాసింది. మందుల కంపెనీలు ఆవిడ మీద విరుచుకుపడ్డాయి. పదేళ్లు వాదులాడుకుని 1972లో అక్కడ డిడిటిని ఆపేశారు.

ఆపినంత మాత్రాన పోయిన పక్షి తిరిగిరాదు. కార్నెల్ యూనివర్సిటీలో టామ్ కేడ్ అనే ప్రొఫెసరు ఉండేవాడు, స్వయంగా వేటడేగల్ని పెంచినవాడు. 1970లో పెరెగ్రిన్ ఫండ్ అనే సంస్థ పెట్టి, డేగల్ని పాకల్లో పెట్టి గుడ్లు పెట్టించి, పిల్లల్ని చేయటం మొదలుపెట్టాడు. ఐదు వారాల పిల్లల్ని తీసుకెళ్లి కొండ మీద పెట్టెలో పెట్టేవాళ్లు. మనిషిని చూసి అలవాటు పడకుండా, చాటు నుంచి గొట్టంలో తిండి జారవిడిచేవాళ్లు. రెక్కలు వచ్చి సొంతంగా వేట నేర్చుకున్నదాకా అలాగే. వెనకటి వేటగాళ్ల పద్ధతే ఇది. కానీ కొండల మీద వదిలిన పిల్లల్ని పెద్ద గుడ్లగూబలు రాత్రిపూట వచ్చి ఎత్తుకుపోయాయి. అప్పుడు తట్టింది వాళ్లకు. పట్నంలో ఎత్తయిన మేడ ఉంది, పావురాలు ఉన్నాయి, ఆ గుడ్లగూబ బెడద తక్కువ. అలా పిల్లల్ని టవర్ల మీద, మేడల మీద వదలటం మొదలైంది.

బాల్టిమోర్ నగరంలో 1978లో ఒక ఆడడేగ బీమా కంపెనీ మేడ 33వ అంతస్తు అంచున చేరింది. స్కార్లెట్ అని పేరు పెట్టారు. పాకలో పుట్టి వదిలిన పక్షే. జత కుదరక కొన్నేళ్లు సొంత పిల్లలు లేవు. మనుషులు తెచ్చి పెట్టిన పిల్లల్నే సొంత పిల్లల్లా మేపింది. చివరికి 1984లో జత కుదిరి సొంత పిల్లల్ని చేసింది. ఆ ఏడే చనిపోయింది. 1983లో న్యూయార్కు వంతెనల మీద గూళ్లు పడ్డాయి. ఇప్పుడు ఆ ఒక్క నగరంలోనే 20కి పైగా జంటలు ఉన్నాయి. 1975లో అమెరికా, కెనడా కలిపి తెలిసిన జంటలు 324. 6,000కు పైగా పిల్లల్ని పెంచి వదిలాక, 1999 నాటికి 1,650 జంటలు. ఆ ఏడు ఆగస్టులో దీన్ని అంతరించే జాతుల పట్టిక నుంచి తీసేశారు. మా మేనల్లుడు చూసిన డేగ వెనక ఇంత చరిత్ర ఉంది.

ఇప్పుడు మన చేలోకి వద్దాం.

అక్కడ 1972లో ఆపేసిన డిడిటిని మన దేశంలో పంటలకు వాడటం ఆపింది 1989లో. మనం బి.హెచ్.సి పొడి అని, గమాక్సిన్ అని చల్లింది 1997లో ఆగింది. ఎండ్రిన్ సంగతి మన పల్లెల్లో చెప్పాల్సిన పని లేదు, ఆ పేరు పురుగుకంటే మనుషుల చావులతోనే ఎక్కువ గుర్తు. ఎండోసల్ఫాన్ 2011లో సుప్రీంకోర్టు చెప్తే ఆగింది. 1980ల్లో మన దేశంలో తల్లిపాలల్లో, గేదెపాలల్లో ఈ మందుల అవశేషాలు దొరికాయి. చక్రవడ్డీ చివర కూర్చునేది డేగ ఒక్కటే కాదు.

మన గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్లలో పత్తి పెరిగింది 1970ల్లో, 80ల్లో. అందరూ ఎం.సి.యు. 5 వేసేవాళ్లు. 1980 తర్వాత సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్ లాంటి మందులు వచ్చాయి. కొట్టిన సాయంత్రానికి పురుగు రాలిపోయేది. అందరం ముక్కున వేలేసుకున్నాం. పురుగుతో పాటు దాన్ని తినే పురుగులు కూడా రాలిపోయాయి. 1984-85లో తెల్లదోమ విరుచుకుపడింది. ఆకులు జిగురు కారి నల్లగా మసి పట్టాయి. తర్వాత లాం ఫారం వాళ్లు తెల్లదోమను తట్టుకునే ఎల్‌.కె. 861, కాంచన అనే రకం ఇచ్చారు. 1987లో శనగపచ్చ పురుగు వచ్చింది. ఈసారి ఏ మందుకూ చావలేదు. మందును తట్టుకునే శక్తి దానికి వచ్చేసింది. తర్వాత శాస్త్రవేత్తలు పరీక్ష చేసి అదే తేల్చారు. 20 సార్లు, 30 సార్లు కొట్టినవాళ్లు ఉన్నారు. పంట పోయింది, మందుల బాకీ మిగిలింది. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తిరైతుల ఆత్మహత్యలు దేశమంతా పేపర్లలో వచ్చాయి. మా వీధి చివరి ఇంట్లో ఆ ఏడు ఏం జరిగిందో ఇక్కడ రాయను. మా ఊరి పెద్దవాళ్లకు తెలుసు.

అప్పుడు నాకు 20 ఏళ్లు. పంపు వీపున వేసుకుని కొట్టింది నేనే. ఆ డేగ కథ చదివాక రాత్రి నిద్ర పట్టక, అటక మీద ట్రంకుపెట్టె దించి మా నాన్న పద్దు పుస్తకాలు తీశా. ఆయన పెద్దగా చదువుకోలేదు గానీ ప్రతి రూపాయి రాసేవాడు. మందు తెచ్చిన తేదీ, మందు పేరు, కొట్టిన చేను, బాకీ, కల్లంలో దిగుబడి. లైటు కింద కూర్చుని లెక్కపెట్టా. 1979లో పత్తికి మందు 7 సార్లు, దిగుబడి ఎకరానికి 8 క్వింటాళ్లు. 1984లో 15 సార్లు, నాలుగున్నర క్వింటాళ్లు. 1987లో 27 సార్లు, 2 క్వింటాళ్లు. ఒక్కో ఏడు విడిగా చూస్తే పురుగు ఎక్కువైంది, మందు ఎక్కువ కొట్టాం అనిపిస్తుంది. మూడూ పక్కపక్కన పెడితే వేరే సంగతి కనపడుతుంది. ఆ పుస్తకం నాకు రాట్‌క్లిఫ్ చూసిన గుడ్డు పెంకుల పెట్టె లాగా అనిపించింది. మా నాన్న రాయటం వరకు చేశాడు. వెనక్కి తిప్పి కలిపి చూసే తీరిక ఆయనకు ఇవ్వలేదు మేం.

ఇంకో సంగతి ఆ రాత్రే తోచింది. మందు లెక్క ఉంది, బాకీ లెక్క ఉంది, దిగుబడి లెక్క ఉంది. చేలో పిట్టల లెక్క ఎక్కడా లేదు. దున్నేటప్పుడు నాగలి వెంట ఎన్ని కొంగలు వచ్చేవి, తోక చీలిన నల్లపిట్ట ఏట్రింత ఎన్ని ఉండేది, పాలపిట్టలు ఎన్ని, ఎవరం రాయలేదు. తగ్గాయని అందరం అంటాం. ఎప్పటి నుంచి అంటే ఎవరం చెప్పలేం.

రాబందుల సంగతి అంతే కదా. నా చిన్నప్పుడు ఊరి బయట గొడ్డు చచ్చిపోతే గంటలో గుంపులు దిగేవి. 1990ల నుంచి మన దేశంలో నూటికి తొంభైతొమ్మిది మాయమైపోయాయి. పశువుల నొప్పులకు ఇచ్చే డైక్లోఫెనాక్ ఇంజక్షన్ వల్లనని 2004లో తేలింది. ఆ మందు ఉన్న కళేబరం తింటే రాబందుకు మూత్రపిండాలు పాడైపోతాయి. 2006లో పశువులకు ఆ మందును ఆపేశారు. దాన్ని కనిపెట్టిన పరిశోధన పాకిస్తాన్‌లో జరిగింది, చేయించింది ఎవరో కాదు, ఆ డేగల్ని బతికించిన పెరెగ్రిన్ ఫండే. మన ఇంటి ముందు జరిగింది మనకంటే ముందు వేరేవాళ్లకు తెలియటం నాకైతే సిగ్గనిపించింది.

నీతులు చెప్పటానికి కూర్చున్నానని అనుకోకండి. 2021లో మన మిరపకు నల్లతామర వచ్చినప్పుడు మీ అందరి లాగే నేనూ రోజు మార్చి రోజు కొట్టా. షాపతను ఏది చేతిలో పెడితే అది, రెండు మూడు కలిపి కొట్టా. ఎంత కొడితే అంత పెరిగింది. పూలు తెరిచి చూస్తే నల్లగా గుంపులు. పురుగును తినే అక్షింతల పురుగు, అల్లిక రెక్కల పురుగు, సాలీడు మాత్రం ఒక్కటి లేదు. 1984 తెల్లదోమ పాఠం నా చేత్తోనే కొట్టి నేర్చుకుని, మళ్లీ నేనే మర్చిపోయా. ఆ ఏడు పెట్టుబడి సగం కూడా రాలేదు. కౌలు చేసినవాళ్ల పరిస్థితి మీకు తెలుసు.

ఇప్పటికీ నేను మందు కొడుతున్నా. పూర్తిగా మానేసినవాళ్లు ఉన్నారు. ఖమ్మం వైపు పునుకుల అనే ఊరు 2000ల మొదట్లోనే పురుగుమందు లేకుండా పత్తి పండించి అందరికీ చూపించింది. వాళ్లకు దండం. నాకు ఇంకా అంత ధైర్యం రాలేదు. కానీ రెండేళ్లుగా మూడు పనులు చేస్తున్నా, అవి చెప్పటానికే ఇంత రాశా.

ఒకటి, కొట్టేముందు లెక్కపెడతా. చేనుకు అడ్డంగా నడిచి 20 మొక్కలు చూస్తా. పురుగు ఎంత, దాన్ని తినే పురుగు ఎంత, రెండూ రాస్తా. రాసిన తర్వాతే షాపుకు పోవటం. అలా చూసి పోయిన ఏడు నాలుగుసార్లు వెనక్కి తిరిగొచ్చా, మందు కొనకుండా.

రెండు, పత్తిలో, మిరపలో పక్షి స్థావరాలు పెడతా. నిలువు కర్రకు అడ్డకర్ర కట్టటమే, ఎకరానికి పది, పదిహేను. పైసా ఖర్చు లేదు. ఏట్రింతలు, గోరింకలు వాటి మీద కూర్చుని శనగపచ్చ పురుగును, లద్దె పురుగును ఏరుకు తింటాయి. తామర పురుగుకు ఇవి పనికిరావు, అది వాటి కంటికి ఆనదు. ఆ సంగతి కూడా ముందే చెప్తున్నా, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

మూడు, పద్దు పుస్తకంలో కొత్తగా ఒక గడి గీశా. పిట్టల గడి. పొద్దున చేలోకి పోగానే కర్రల మీద ఎన్ని ఉన్నాయో వేస్తా. నా కొడుకు నవ్వుతున్నాడు, "నాన్నా, పిట్టలకు కూడా బాకీ ఉన్నామా" అని. ఉన్నాంరా అన్నా.

కొట్టిన రోజే చంపే మందును అందరం గుర్తుపడతాం. ఇరవై ఏళ్లు నిదానంగా చంపేదాన్ని, రాసి పెట్టుకున్నవాడే పట్టుకోగలడు. ఆ దేశంలో గుడ్డు దొంగలు రాసిన చీటీలు ఒక జాతిని నిలబెట్టాయి. మన దగ్గర మన నాన్నలు రాసిన పుస్తకాలు ఉన్నాయి. అటక మీదవి చిత్తు కాగితాల వాడికి వేయకండి. ఈ వారం ఒకసారి దించి, మందు ఎన్నిసార్లు, దిగుబడి ఎంత, ఏడు ఏడుకూ పక్కపక్కన రాసి చూడండి. ఏం తేలిందో ఇక్కడ రాయండి. పది ఊళ్ల లెక్కలు ఒకచోట చేరితే షాపతని మాట కంటే మనకు అవే గట్టి మాట అవుతాయి.

పోయిన సంక్రాంతి ముందు పొద్దున చేలో నిలబడి ఉంటే, రోడ్డు పక్క సెల్ టవర్ మీద ఒక డేగ కూర్చుని ఉంది. బైరి డేగో కాదో అంత దూరం నుంచి నాకు తెలియలేదు. పుస్తకంలో మాత్రం రాసుకున్నా. తేదీ వేసి, డేగ ఒకటి అని.

ఉంటా. కోతకూలీలు దొరికితే పచ్చిమాట మీద ఆగకుండా రేటు ముందే మాట్లాడుకోండి. మళ్లీ కలుద్దాం.